జింకలు మొత్తం నలభై

ఒక పెద్ద అడవిలో జింకలు ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు. తెలియనందువల్ల ఎవరికీ కడుపునొప్పి రాలేదు. పులికి ఆకలైనప్పుడు ఒక జింకను తినేది. చిరుత ఆకలి లేనప్పుడు కూడా ఒకదాన్ని తినేది. మిగిలినవి గడ్డి మేసి పిల్లల్ని కనేవి. తరతరాలుగా బండి ఇలాగే నడిచింది.

ఆ అడవికి దొర పులి. అందరూ పెద్దదొర అనేవారు. చిరుత చినదొర. దర్బారుకి కార్యదర్శి తొండ. తొండ తల పుట్టినప్పటినుంచీ పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది కాబట్టి ఆ దర్బారులో ఇంతవరకు ఒక్క తీర్మానమూ వీగిపోలేదు.

జింకలకీ ఒక పెద్ద ఉన్నాడు. పేరు కొమ్ములయ్య. కొమ్ములు పెద్దవి, వాటి గురించి అతని అభిప్రాయం ఇంకా పెద్దది. దర్బారులో జింకల తరఫున ఒక మూల నిలబడే హక్కు అతనికి ఉంది. కూర్చునే హక్కు కోసం రెండు తరాల పులుల చుట్టూ తిరుగుతున్నాడు.

ప్రతి వేసవికీ దర్బారులో ఒకటే గొడవ.

"జింకలు మరీ పెరిగిపోయాయి పెద్దదొరా. అడుగు వేస్తే జింక. ఈ ఏడు నా వేటవాటా పెంచాలి" అనేవాడు చిరుత.

"అయ్యయ్యో, మావాళ్ళు రోజురోజుకీ తరిగిపోతున్నారు దొరా. వాటా తగ్గించాలి" అనేవాడు కొమ్ములయ్య.

పెద్దదొర ఇద్దరివంకా చూసి, ఆవులించి, వాటా పాతదే ఉంచేవాడు. అది ఎంత గొప్ప పరిపాలనో ఆ రోజుల్లో ఎవరికీ తెలియలేదు.

ఆ వేసవి మాత్రం దర్బారుకి ఒక కొంగ వచ్చింది. ఎక్కడో దూరాన పక్షుల చెరువు దగ్గర పెద్ద చదువులు చదివి వచ్చిందట. పేరు డాక్టర్ ధవళం. ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు సగం మూసి మాట్లాడేవాడు. అలా మాట్లాడేవాళ్ళు అడవిలో ఎవరూ లేరు కాబట్టి మొదటి మాటకే అందరికీ గౌరవం కలిగింది.

"జింకలు ఎన్నో తెలియకుండా రాజ్యం ఏలుతున్నారా ప్రభూ?" అన్నాడు ధవళం, జాలిగా.

పెద్దదొరకి తల కొట్టేసినట్టయింది. "అయితే లెక్కపెట్టు" అన్నాడు.

"లెక్కపెట్టడం చదువురానివాళ్ళ పని ప్రభూ. చదువుకున్నవాళ్ళు అంచనా వేస్తారు."

తొండ తల ఊపింది.

ధవళం ఒక గంపనిండా రేగుపళ్ళు తెప్పించాడు. "ఇందులో ఎన్ని పళ్ళున్నాయో మనకి తెలియదు. పది తీసి మసి పూశాం అనుకోండి. మళ్ళీ గంపలో వేసి బాగా కలిపాం. కళ్ళు మూసుకుని మళ్ళీ పది తీశాం. అందులో మసిపండు ఒకటి వచ్చింది. అంటే పదింటికి ఒకటి మసిది. మనం మసి పూసినవి పది. కాబట్టి గంపలో మొత్తం వంద."

అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. కొమ్ములయ్య కూడా విన్నాడు. పళ్ళమీద కూడా ఒక కన్ను ఉంది కానీ, చెవులు మాత్రం పూర్తిగా ధవళం వైపే ఉన్నాయి.

"జింకల్నీ ఇంతే" అన్నాడు ధవళం. "కొన్నిటిని పట్టి గుర్తు వేసి వదిలేద్దాం. అవి మిగతావాటితో కలిసిపోతాయి. ఒక నెల పోయాక మళ్ళీ కొన్నిటిని పడదాం. వాటిలో గుర్తున్నవి ఎన్నో చూస్తే అడవి మొత్తం లెక్క నా ముక్కు చివరికి వచ్చేస్తుంది."

పెద్దదొర అక్కడికక్కడే శాసనం చేశాడు. లెక్క మూడు వందలు దాటితే వేటవాటా రెట్టింపు. వందకి తగ్గితే జింకల వేట పూర్తిగా బంద్. మధ్యలో ఉంటే పాత వాటాయే.

చిరుత మీసాలు నాక్కున్నాడు. కొమ్ములయ్య తన మూలలోకి ఇంకా ఒదిగాడు. ఎందుకంటే అడవిలో జింకలు నాలుగైదు వందలకి తక్కువ ఉండవని అతనికి తెలుసు. వాటా రెట్టింపైతే తిన్నగా తన మంద మీదే పడుతుంది.

అడవి నడుమ ఒక చవిటి నేల ఉంది. ఉప్పుమన్ను నాకడానికి జింకలన్నీ అక్కడికే వస్తాయి. దాని చుట్టూ తడికలతో ఒక దొడ్డి కట్టారు. ఉప్పు మరిగిన జింకలు లోపలికి పోగానే తడిక మూసేశారు. సరిగ్గా నలభై దొరికాయి.

గుర్తుకి ధవళం నల్లజీడి గింజల రసం తెప్పించాడు. ఊళ్ళో బట్టలుతికేవాళ్ళు ఏ బట్ట ఎవరిదో తెలియడానికి మూలన చుక్క పెట్టే రసం అది. పడిందంటే వదలదు. ఒక్కో జింక ఎడమ చెవి లోపల ఆ రసం పూశారు. తెల్లటి చెవి నల్లగా మారింది, మంట పుట్టింది, పొక్కులు లేచాయి. దొడ్డిలో నలభై గొంతులు ఒక్కసారి అరిచాయి.

"ఓర్చుకోండర్రా! శాస్త్రం కోసం!" అని కొమ్ములయ్య బయటినుంచి ధైర్యం చెప్పాడు.

"నువ్వూ లోపలికి రావచ్చు కదా మావా?" అని అరిచాడు నాగులు. మందలో కాస్త నోరున్న కుర్ర జింక.

"నేను లోపలికొస్తే బయట అజమాయిషీ ఎవరు చేస్తార్రా?" అన్నాడు కొమ్ములయ్య. అతనికి చెవులంటే ప్రాణం. కొమ్ములకి అందం ఇచ్చేవి అవేనని అతని నమ్మకం.

నెల గడుస్తోంది. కొమ్ములయ్య నీడలో పడుకుని నెమరు వేస్తున్నాడు. జింకలకి ఆలోచన వచ్చేది నెమరు వేసేటప్పుడే. గడ్డితోపాటు రేగుపళ్ళ గంప కూడా పైకొచ్చింది. మసిపండు ఒకటి వస్తే వంద. రెండు వస్తే యాభై. అయిదు వస్తే ఇరవై. మసివి ఎక్కువొచ్చేకొద్దీ గంప చిన్నదైపోతోంది. మరి పదికి పదీ మసివే వస్తే?

కొమ్ములయ్య నమలడం ఆపేశాడు.

"చుక్కమ్మా! ఇలా రా!" అని పెళ్ళాన్ని కేకేశాడు. "రెండోసారి దొడ్డిలోకి నల్లచెవులవాళ్ళనే పంపిద్దాం. తెల్లచెవి ఒక్కటి కూడా పోకూడదు. అప్పుడు ఆ కొంగ లెక్కలో మనం ఎంతమందిమి అవుతామో తెలుసా? నలభై! మొత్తం అడవికి నలభై! వేట బంద్!"

చుక్కమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "ఉన్నవాళ్ళం లేమని మనమే చెప్పుకుంటే, రేపు మనమెక్కడున్నామని అడిగితే ఏం చెప్తావయ్యా?"

"నీకు శాస్త్రం తెలీదు. ఊరుకో."

"నీకు నిన్నటిదాకా తెలుసా?"

కొమ్ములయ్య వినిపించుకోలేదు. అంత గొప్ప ఆలోచన వచ్చిన రోజున పెళ్ళాం మాట వినే మగజింక ఆ అడవిలో లేడు, బయట కూడా ఉండడేమో.

రెండో లెక్క రోజున తెల్లచెవులవాళ్ళందరినీ కొండ వెనక్కి తోలేశాడు. నలభైమంది నల్లచెవులవాళ్ళని వరసగా దొడ్డిలోకి పంపాడు. మంట గుర్తుకొచ్చి వాళ్ళు మొరాయిస్తే, "ఈసారి రసం లేదు, ఉప్పు ఒక్కటే" అని నచ్చజెప్పాడు.

ధవళం ఒక్కో చెవీ చూస్తూ వెళ్ళాడు. నలభైకి నలభై నలుపే. అతని ఒంటికాలు ఆనందంతో వణికింది.

"ప్రభూ! ఎంత చక్కటి లెక్క! భిన్నం కూడా మిగల్లేదు! నా సర్వీసులో ఇంత శుభ్రమైన ఫలితం చూడలేదు. జింకలు మొత్తం నలభై."

"నలభయ్యా?" పెద్దదొర అదిరిపడ్డాడు. "తప్పేమైనా ఉండే అవకాశం ఉందా?"

"ఉంటే ఎంత ఉండొచ్చో కూడా నా సూత్రమే చెబుతుంది ప్రభూ. అడిగి చూశాను. సున్నా అంది."

చిరుత లేచి నిలబడ్డాడు. "నిన్న ఒక్క గుట్ట మీదే అరవై చూశానే!"

"చినదొరవారు కళ్ళతో చూశారు" అన్నాడు ధవళం మర్యాదగా. ఆ మర్యాదకి చిరుత సిగ్గుపడి కూర్చున్నాడు.

వేట బంద్ అయింది. నలభై జింకలూ రాజ్యసంపద అని దండోరా వేయించారు. నల్లచెవులవాళ్ళకి ఏటిఒడ్డున లేతగడ్డి బీడు రాసిచ్చారు. ఆ సాయంత్రం మంద కొమ్ములయ్య కొమ్ములకి పూలతీగలు చుట్టింది. దర్బారులో కూర్చోనిస్తారేమో అని కూడా అతనికి ఆశ పుట్టింది.

ఆ సంబరం మూడోనాటికి చప్పబడింది. చిరుత పట్టపగలు, అందరూ చూస్తుండగా, పోలయ్య అనే ముసలి జింకను పట్టి తిన్నాడు.

కొమ్ములయ్య పరుగున దర్బారుకి వెళ్ళాడు. "అన్యాయం దొరా! శాసనం ఉండగా చినదొర జింకను తిన్నాడు!"

"నేనా? జింకనా?" చిరుత నొచ్చుకున్నాడు. వెనక నుంచి ఒక చెవి తీసి ముందు పెట్టాడు. "చూడండి. తెల్లగా లేదూ?"

ధవళం ముందుకొచ్చి చెవిని అటూ ఇటూ తిప్పాడు. "అడవిలో జింకలు నలభై. నల్లచెవులవి నలభై. నలభైలోంచి నలభై పోతే మిగిలేది సున్నా. ఈ చెవి తెల్లనిది. కాబట్టి ఇది జింకది కాదు."

"జింక కాకపోతే మరేమిటయ్యా?" కొమ్ములయ్య గొంతు చించుకున్నాడు.

"అది నా శాఖ కాదు" అన్నాడు ధవళం.

తొండ తల ఊపింది.

ఇక దాచి లాభం లేదనుకున్నాడు కొమ్ములయ్య. పెద్దదొర కాళ్ళ ముందు మోకరిల్లాడు. "తప్పయిపోయింది దొరా. నేనే నల్లచెవులవాళ్ళని ఏరి పంపాను. మేం నాలుగు వందల పైనే ఉన్నాం. ఆ లెక్క నేనే చెడగొట్టాను."

పెద్దదొర ముఖం చిట్లించి ధవళం వైపు చూశాడు.

ధవళం కంగారుపడలేదు. "ప్రభూ, ముందు ఈయన చెవి చూద్దాం."

చూశారు. మల్లెపువ్వులా తెల్లగా ఉంది. కొమ్ములయ్య ఇన్నాళ్ళూ మంట తగలకుండా కాపాడుకున్న చెవి.

"జింకల విషయంలో జింక కానివాడి సాక్ష్యం ఎలా చెల్లుతుంది ప్రభూ?"

పెద్దదొరకి ఆ మాట సబబుగా తోచింది. చిరుతకి ఇంకా సబబుగా తోచింది. కొమ్ములయ్య వంక కాస్త ఎక్కువసేపే చూశాడు. ఆ చూపుకి కొమ్ములయ్య లేచి, దర్బారు మర్యాదలు కూడా మరిచి, వచ్చిన దారినే పరుగెత్తాడు. చిరుత వెంటపడ్డాడు. వాగు దూకి, ముళ్ళకంపల్లో దూరి, ఎలాగో ప్రాణం దక్కించుకుని మందలో పడ్డాడు. పరుగు మధ్యలో ఒక కొమ్ము చివర విరిగింది కూడా. ఆ సంగతి అతను గంటసేపు గమనించనే లేదు.

"ఇప్పుడేం చేద్దామయ్యా పెద్దమనిషీ?" అంది చుక్కమ్మ. ఎత్తిపొడిచినట్టే అంది కానీ, అతని ఒంటిమీద ముళ్ళు మాత్రం ఓపిగ్గా పళ్ళతో లాగింది.

"జింకలమవుదాం" అన్నాడు కొమ్ములయ్య.

"ఏమిటీ?"

"నల్లజీడి చెట్టు ఉంది కదా! అందరం చెవులు నల్లబరుచుకుందాం. చెవి నల్లగా ఉంటే జింక. ఇక ఎవడు కాదంటాడో చూస్తాను."

మర్నాటి నుంచి జీడిచెట్టు కింద జాతరే జాతర. ముసలీ ముతకా, పిల్లా పాపా, అందరూ రాలిన గింజలు గిట్టలతో చితక్కొట్టి ఎడమ చెవికి రాసుకున్నారు. తొందరలో కొందరు రెండు చెవులకీ రాసుకున్నారు. ఒకాయన కుడికీ ఎడమకీ తేడా తెలియక ముక్కుకి కూడా రాసుకున్నాడు. అడవంతా ఏడుపులూ, తుమ్ములూ, వాచిన మూతులూ. అందరికన్నా ఎక్కువ రసం పూసుకున్నది కొమ్ములయ్యే. చెవి అరటిదొప్పలా వాచిపోయినా మూలుగు బయటికి రానివ్వలేదు. జింక అనిపించుకోవడానికి ఇంత కష్టపడవలసి వస్తుందని అతని తల్లి ఎప్పుడూ చెప్పలేదు.

ఇది చూసి నాగులు ఏటిఒడ్డు బీడు నుంచి వచ్చి కోప్పడ్డాడు. "ఇదేం పని మావా? ఎవడుపడితే వాడు జింకైపోతే అసలు జింకలకి విలువేముంటుంది?"

"నువ్వు నా చెల్లెలి కొడుకువిరా!"

"అది వేరు, గుర్తింపు వేరు" అని నాగులు నల్లటి చెవి రెపరెపలాడిస్తూ వెళ్ళిపోయాడు. లేతగడ్డి మేసి బాగా ఒళ్ళు చేశాడు.

అందరి చెవులూ నల్లబడ్డాక కొమ్ములయ్య మందను తోలుకుని తిన్నగా దొడ్డికే వెళ్ళాడు. ఈసారి దాపరికం లేదు. మళ్ళీ లెక్క కట్టమని తానే అడిగాడు. దొడ్డి నిండి, తడికలు విరిగి, చవిటి నేలంతా జింకలే. పెద్దదొర స్వయంగా వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. చిరుత పక్కన నిలబడి పెదాలు తడుపుకుంటున్నాడు.

ధవళం చెవులు చూస్తూ పొద్దంతా తిరిగాడు. సాయంత్రానికి నాలుగు వందల చెవులు చూశాడు. అన్నీ నలుపే.

"ఇప్పుడు చెప్పండి డాక్టరుగారూ!" కొమ్ములయ్య ఛాతీ విరుచుకున్నాడు. "అందరం నల్లచెవులవాళ్ళమే. అందరం జింకలమే. ఇప్పుడు మేం ఎంతమందిమి?"

ధవళం కళ్ళు మూసుకున్నాడు. "మొదట గుర్తు వేసినవి నలభై. ఇప్పుడు పట్టినవి నాలుగు వందలు. వాటిలో గుర్తున్నవి నాలుగు వందలు. నలభైని నాలుగు వందలతో హెచ్చించి, నాలుగు వందలతో భాగిస్తే..." కళ్ళు తెరిచాడు. "నలభై."

కొమ్ములయ్య ధవళానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"ఏమిటీ, నలభయ్యా? అయ్యా, మీ ముందు నిలబడ్డవాళ్ళే నాలుగు వందలు కదా! మీరే కదా చూశారు!"

"ఇక్కడ నిలబడ్డవి నాలుగు వందలే" అని ఒప్పుకున్నాడు ధవళం. "అడవిలో ఉన్నవి నలభై."

"మేమున్నది అడవిలో కాదా?"

"మీరు మళ్ళీ వాదన మొదలుపెడుతున్నారు."

పెద్దదొర తల గోక్కున్నాడు. అతను చెడ్డ పులి కాదు. లెక్కలంటే భయం, అంతే. భయం ఉన్నవాడు ఒప్పుకున్నంత తొందరగా మరెవరూ ఒప్పుకోరు. "పోనీ, ఈ నాలుగు వందల్లో ఆ నలభై ఏవి?" అని అడిగాడు.

"అది శాస్త్రం చెప్పదు ప్రభూ. అది పరిపాలన."

"ఆ పరిపాలన నేను చూసుకుంటాను" అన్నాడు చిరుత. అంత వినయంగా అతను మాట్లాడడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. "జింకని నేను తినను. ఒట్టు. జింక కానిదాన్నే తింటాను. నమ్మకం లేకపోతే నేను తిన్నాక ప్రతిసారీ డాక్టరుగారు లెక్క కడతారు. జింకలు నలభైకి ఒక్కటి తగ్గినా నాకు శిక్ష వెయ్యండి."

పెద్దదొరకి ఇంత న్యాయమైన ఏర్పాటు ఇంకెక్కడా కనబడలేదు. తొండ తల ఊపింది.

చిరుత ఎక్కువ వెతకలేదు. మందలో అందరికన్నా నిగనిగలాడుతున్నవాణ్ణి ఎంచుకున్నాడు. నాగులు.

"ఆగండి! నేను మొదటి నలభైలోవాణ్ణి! అసలు జింకని! రాజ్యసంపదని! మావా, చెప్పు మావా!" అని నాగులు కేకలు పెట్టాడు.

"వాడు నిజంగానే మొదటి నలభైలోవాడు దొరా!" కొమ్ములయ్య ఎలుగెత్తి అరిచాడు. "మా చెల్లెలి కొడుకు! వాణ్ణి వదిలెయ్యండి!"

ఎవరూ వినలేదు. ధవళం మిగిలినవాళ్ళ చెవులు మళ్ళీ చూశాడు. అన్నీ నలుపే. హెచ్చించాడు, భాగించాడు. "నలభై ప్రభూ. ఒక్కటీ తగ్గలేదు."

"చూశారా? వాడు జింక కాదు" అన్నాడు చిరుత, మూతి తుడుచుకుంటూ.

అప్పుడు కొమ్ములయ్యకి మొదటిసారి నిజంగా భయమేసింది. ఇన్నాళ్ళూ వేసింది పులి భయం, చిరుత భయం. వాటికి పరుగు ఉంది, పొద ఉంది, వాగు ఉంది. ఈ నలభైకి ఏ పొదా అడ్డం రాదు. మంద సగమైనా నలభయ్యే. పదిమంది మిగిలినా నలభయ్యే. తానూ చుక్కమ్మా ఇద్దరే మిగిలి, ఆ దొడ్డిలో పక్కపక్కన నిలబడ్డా, ఆ కొంగ చెప్పేది నలభయ్యే. తాను పోయినట్టు కూడా ఎవరూ రాసుకోరు. నాగులు అరుపు చెవిలోంచి పోలేదు. నెమరు వేద్దామన్నా గొంతులోకి ఏమీ రాలేదు. తన తెలివే వాణ్ణి చిరుత నోట్లో పెట్టింది, ఇందులో ఇంకొకరి తప్పు లేదు.

"ఏరు దాటేద్దాం పద" అంది చుక్కమ్మ.

ఏటికి అవతల ఎండు గుట్టలు. గడ్డి ముతక. చవిటి నేల లేదు. పరిపాలన ఇంకా అంతవరకు రాలేదు.

"అక్కడ మనకెవరు తెలుసే? ఇక్కడ నేనొక పెద్దమనిషిని. దర్బారులో నాకో మూల ఉంది. అక్కడ నన్నెవరు పెద్ద అంటారు?"

"ఇక్కడ నిన్ను జింక అనేవాడే లేడు కదయ్యా!"

కొమ్ములయ్యకి దర్బారులో తను నిలబడే మూల గుర్తొచ్చింది. అక్కడి బండ చల్లగా ఉండేది. దాన్ని వదులుకోవడం అతనికి చెవిమంట కన్నా ఎక్కువ బాధగానే ఉంది. అయినా లేచాడు. మందనంతా పిలిచాడు. "నేను చెప్పినందుకే మీకీ గతి పట్టింది. ఇప్పుడు చుక్కమ్మ చెప్పినట్టు చేద్దాం" అన్నాడు. ముందు చుక్కమ్మ ఏట్లో దిగింది. అతను అందరికన్నా చివర నిలబడి, ఆఖరి పిల్ల కూడా అవతలి గట్టెక్కాక తను దిగాడు.

గుట్టల మీద బతుకు సులువేం కాదు. కొత్తలో ఉప్పు కోసం నాలుక పీకేది. పాత పిట్టకథలు చెప్పడానికి దర్బారు లేదు. కొన్నాళ్ళకి ముతక గడ్డే అలవాటయింది. జీడి పొక్కులు మాని, చెవులకి కొత్త చర్మం వచ్చింది. ఇక్కడా ఒక ముసలి చిరుత ఉంది. దానికి ఆకలైనప్పుడు ఒకదాన్ని పట్టేది. పట్టినప్పుడు అది జింకనే పట్టానని ఒప్పుకునేది. ఆ మర్యాదకే కొమ్ములయ్యకి కళ్ళు చెమర్చాయి.

ఒక రోజు అవతలి ఒడ్డు నుంచి ఒక పాలపిట్ట వచ్చి కబుర్లు చెప్పింది.

"మీరు వెళ్ళాక లెక్క కట్టారు కొమ్ములయ్యా. దొడ్డి ఖాళీ. పట్టినవి సున్నా, గుర్తున్నవి సున్నా. పెద్దదొర నీరసంగా అడిగాడు, ఇప్పుడెన్ని అని."

"ఏమన్నాడు కొంగ?"

"సున్నాని సున్నాతో భాగిస్తే ఫలితం ఏదైనా కావచ్చు ప్రభూ, ఏదైనా కావచ్చు అన్నప్పుడు నలభై ఎందుకు కాకూడదు అన్నాడు."

మందంతా నవ్వింది. కొమ్ములయ్య కూడా నవ్వాడు. నాగులు గుర్తొచ్చి మధ్యలో ఆగిపోయాడు.

"మరి చినదొర?"

"ఏటి పీతలు ఏరుకు తింటున్నాడు. నలభై జింకలున్న అడవిలో నాకీ గతేమిటని ఏడుస్తున్నాడు. వెతకడం చేతకాక నెపం చెబుతున్నావని దర్బారు వాళ్ళు తిట్టారు. పెద్దదొరకి డొక్క వీపుకి అంటుకుంది. మొన్న దర్బారులో ఉన్నట్టుండి, ఈ అడవిలో కొంగలెన్ని డాక్టరుగారూ అన్నాడు."

"ఊఁ?"

"నేనొక్కణ్ణే ప్రభూ అన్నాడు ధవళం. ఈ లెక్క కట్టేవాడెవరు అన్నాడు దొర. అదీ నేనే ప్రభూ అన్నాడు. అయితే ఒకటి తగ్గినా ఎవరికీ తెలియదన్నమాట అని దొర లేచి దగ్గరికొచ్చాడు."

"తర్వాత?"

"తర్వాత నేను చూళ్ళేదు. నాకూ రెక్కలున్నాయి కదా!" అంది పాలపిట్ట. "వచ్చేటప్పుడు దండోరా మాత్రం విన్నాను. ఈ ఏడు కూడా జింకలు నలభై, కొంగలు ఒకటి అని తొండ చదువుతోంది."

పాలపిట్ట ఎగిరిపోయింది. పొద్దు వాలుతోంది. గుట్ట మీద మంద చెదురుమదురుగా మేస్తోంది. కొమ్ములయ్య మెడ సాచి, ఎంతమంది మిగిలారో చూద్దామని, ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్కొక్కరినే చూడ్డం మొదలుపెట్టాడు.

"మళ్ళీ ఏమిటి చేస్తున్నావు?" అంది చుక్కమ్మ.

"ఏం లేదు, ఏం లేదు" అని కొమ్ములయ్య గబుక్కున తల దించి గడ్డి మేశాడు.

అవతలి ఒడ్డు దర్బారులో మాత్రం ఈ వ్యవహారం నుంచి అందరూ ఒక నీతి నేర్చుకున్నారు: జింకలు పోతే పోనీ, వాటి సంఖ్య నిలకడగా ఉంటే చాలు.